శాతానికో పౌండు

శనివారం పొద్దున క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. పదకొండున్నరకు గడ్డం గీసుకోవడం, పన్నెండు కొట్టేసరికి ‘కుంటి బాతు’ పబ్బు తలుపు ముందు నిలబడడం, రెండింటిదాకా చలిమంట పక్కనున్న తన కుర్చీలో కూర్చుని డామినోలు ఆడడం. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ పథకం మారలేదు. మారితే ఊరుకునే మనిషి కూడా కాదు అతను.

ఎందుకంటే ఇంట్లో డోరీన్ ఉంది. అతని భార్య. బడిలో ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషి, మెథడిస్టు చర్చి మహిళా సంఘానికి కార్యదర్శి. తొమ్మిదో ఏట సారా, బీరు ముట్టనని చర్చిలో ఒట్టేసింది, ఆ ఒట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. బూట్లు ఎక్కడ విప్పాలో, రొట్టె మీద వెన్న ఎంత రాయాలో, ఏ కిటికీ ఎన్నింటికి మూయాలో అన్నీ ఆవిడే చెబుతుంది. ఊరు మొత్తం మీద ఆవిడ అడుగు పెట్టని చోటు ఒక్కటే, కుంటి బాతు. వారానికి ఆ రెండు గంటలే క్లిఫర్డ్ సొంతం. అవి కూడా పోతే అతనికి మిగిలేది పెరట్లో సామాన్ల కొట్టు, అందులో కుర్చీ కూడా లేదు.

అయితే ఆ శనివారం క్లిఫర్డ్ మామూలు మనిషిలా లేడు. రెండు నెలలుగా లోపల ఉడుకుతూనే ఉన్నాడు. రక్తపోటు చూసిన డాక్టరు మత్తు తగ్గించమన్నాడు. పక్కనే కూర్చున్న డోరీన్ ఆ మాటను చిన్న పుస్తకంలో తారీఖుతో సహా రాసుకుంది. దాంతో అతను ఎప్పుడూ తాగే ‘పొట్టేలు’ మానేసి ‘గొర్రెపిల్ల’కు మారాడు. రెండూ పబ్బు యజమానురాలు బ్రెండా సట్‌క్లిఫ్ వెనక పాత గుర్రపుశాలలో తన చేత్తో కాచే బీర్లే. పొట్టేలులో మత్తు నాలుగు పాయింట్ నాలుగు శాతం. గొర్రెపిల్లలో రెండు పాయింట్ ఎనిమిది. ధర మాత్రం రెండింటికీ ఒక్కటే, పైంటు గ్లాసు నాలుగు పౌండ్ల అరవై పెన్నీలు.

ఇంకో సంగతి కూడా ఉంది, అది అతను ఎవరికీ చెప్పలేదు. గొర్రెపిల్ల చాలా బాగుంటుంది. గ్లాసు ముక్కు దగ్గరకు రాగానే నారింజ తొక్క గిల్లినట్టు వాసన, గొంతు దిగాక శుభ్రమైన చేదు. మూడు పైంట్లు తాగినా తల తలలాగే ఉంటుంది. వరసగా ఐదు శనివారాలు డామినోల్లో అతనే గెలిచాడు. బాగాలేకపోతే నాలుగు తిట్లు తిట్టి వదిలేసేవాడు. బాగుండడమే అతనికి పుండు మీద కారం చల్లినట్టయింది.

పన్నెండు దాటి ఐదు నిమిషాలకు డామినోల జట్టు నలుగురూ చేరారు. హెడ్లీ, నోరిస్, సెల్విన్, క్లిఫర్డ్. వంతులవారీగా ఒకరు నలుగురికీ కొనాలి, అది అక్కడి మర్యాద. ఆ రోజు మొదటి వంతు క్లిఫర్డ్‌ది. బ్రెండా బీరు పోసే బల్ల దగ్గరికి వెళ్లాడు గానీ డబ్బు తియ్యలేదు.

“బ్రెండా, దీంట్లో సరుకు తక్కువ. మరి ధర తగ్గదేం?”

“సరుకు తక్కువని నీకెవరు చెప్పారు?”

“నీ బీరు పంపు మీదే రాసుంది. రెండు పాయింట్ ఎనిమిది.”

“అది మత్తు క్లిఫర్డ్. సరుకు కాదు.”

“మత్తు లేకపోయాక బీరెందుకు? దానికంటే నిమ్మసోడా తాగొచ్చు.”

బ్రెండా ఓపిగ్గానే చెప్పింది. తగ్గేది నాలుగు దోసిళ్ల బార్లీ. చేదు కోసం, వాసన కోసం వేసే హాప్ పూల మొగ్గలు ఇంకాస్త ఎక్కువే పడతాయి. కాగేది అంతసేపే, పీపాలో పడుకునేది అన్ని రోజులే, కడిగే చేతులు ఈ రెండే. గట్టి బీరులో చిన్న లోపముంటే మత్తు కప్పేస్తుంది, పలచటి దాంట్లో ఆవగింజంత తప్పు కూడా పైకి తేలుతుంది. మత్తును బట్టి సర్కారు వేసే సుంకం కొంత తగ్గిన మాట నిజమే, ఆ తగ్గింది మొగ్గలకే చాలడం లేదు. క్లిఫర్డ్ ఇందులో ఒక్క ముక్కా వినలేదు. చెప్పేవాళ్లు శాంతంగా చెబుతుంటే అతనికి కోపం ఇంకా పెరుగుతుంది. అందుకే పబ్బంతా వినబడేలా ఒక మాట అనేశాడు.

“అసలు సంగతి చెప్పనా? పొట్టేలులో నీళ్లు కలిపి అమ్ముతున్నావు.”

బీరు కాచేవాళ్లను అనకూడని మాట ఒక్కటే ఉంది, అది ఇదే. బ్రెండాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మంచులో బస్తాలు మోసిన మనిషి ఆవిడ. సుద్దముక్క తీసింది. నల్లబల్ల మీద పాత ధరలన్నీ మోచేత్తో తుడిచేసి పెద్దక్షరాలతో రాసింది: “శాతానికో పౌండు. ఎంత మత్తుకు అంత ధర. ఇక్కడ అమ్మే ప్రతి వస్తువుకూ. క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్ గారి ఆజ్ఞ.” తీసుకెళ్లి వీధి గుమ్మానికి తగిలించి వచ్చింది.

“చాలా నాయనా? ఇప్పుడు నీ గొర్రెపిల్ల రెండు పౌండ్ల ఎనభై.”

క్లిఫర్డ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఊళ్లో న్యాయం అనేది ఇంకా బతికుందంటే తన వల్లేనని అతనికి ఆ క్షణాన గట్టిగా అనిపించింది. ఆ అనిపించడం బ్రెండా మొత్తం చెప్పేదాకే నిలిచింది. గొర్రెపిల్ల రెండు ఎనభై, నోరిస్‌కూ సెల్విన్‌కూ పొట్టేళ్లు నాలుగు నలభై చొప్పున, హెడ్లీ తాగే నల్ల బీరు ‘ముసలి ఎద్దు’ ఎనిమిది శాతం కాబట్టి ఐదు ఇరవై ఉండేది కాస్తా ఎనిమిది పౌండ్లు. మొత్తం పంతొమ్మిది అరవై. కిందటి వారం ఇదే వంతు పంతొమ్మిది పౌండ్లకు తెమిలింది. పోరాడి గెలిచిన పాపానికి అరవై పెన్నీలు ఎదురు కట్టాల్సి వచ్చింది.

తప్పు తనలో వెతుక్కునే అలవాటు లేదు గనక క్లిఫర్డ్ హెడ్లీ మీద పడ్డాడు. నువ్వు కూడా గొర్రెపిల్ల తాగకూడదా అన్నాడు. తన డాక్టరు తననేమీ అనలేదని హెడ్లీ జవాబిచ్చాడు. పోనీ ఎవరి గ్లాసు వాళ్లే కొనుక్కుందామన్నాడు క్లిఫర్డ్. ఆ మాటతో నోరిస్ తన కుర్చీని మెల్లగా అటు తిప్పుకున్నాడు.

“తన గ్లాసు తనే కొనుక్కునేవాడు ఇంట్లోనే తాగొచ్చు. లక్షణమైన ధరలుండేవి, అన్నీ తగలెట్టావు. నిన్నెవడు అడగమన్నాడు?” అన్నాడు హెడ్లీ.

క్లిఫర్డ్ పళ్లు నూరుకుంటూ పంతొమ్మిది అరవై కట్టాడు. కథ అక్కడితో ఆగితే ఆ అరవై పెన్నీలతో పోయేది. కానీ వీధికి అవతల మెథడిస్టు చర్చి హాల్లో గదిని వేడిచేసే బాయిలరు పొద్దుటి నుంచి పని చెయ్యడం లేదు. మహిళా సంఘం సభ్యులు ఇరవై నలుగురూ కోట్లతో, చేతి తొడుగులతో కూర్చుని వణికారు. పన్నెండున్నరకు ఇక తాళలేక బయటికొచ్చారు. ఎదురుగా గుమ్మానికి నల్లబల్ల కనిపించింది. దాని మీద డోరీన్‌కు తన మొగుడి పేరు కనిపించింది.

కిటికీలోంచి క్లిఫర్డ్ ఆవిడ టోపీని చూశాడు. పెదవులు కదులుతున్నాయి. ఆవిడ లెక్క చేస్తోంది. నలభై ఒక్కేళ్ల కాపురంలో ఆ పెదవులు అలా కదిలాక తప్పు సమాధానం రావడం అతనెప్పుడూ చూడలేదు. తలుపు తెరుచుకుంది.

“టీలో మత్తెంత?” అని అడిగింది డోరీన్, బ్రెండాను.

“సున్నా.”

“నిమ్మసోడాలో?”

“సున్నా.”

“అయితే సున్నాను పౌండుతో హెచ్చవేస్తే సున్నా. పద్దెనిమిది టీలు, ఆరు నిమ్మసోడాలు ఇవ్వండి. బయట రాసింది నిజమేగా?”

“మీ ఆయన ఆజ్ఞ,” అంది బ్రెండా. చెప్పిన మాట మీద నిలబడే రకం ఆవిడ. అందులోనూ ఈ మాట మీద నిలబడడం ఆవిడకు మహా ఇష్టంగా ఉంది.

ఇరవై నలుగురూ లోపలికొచ్చారు. ఆలూ చిప్సులో మత్తెంతని ఒకావిడ అడిగింది. ఉప్పేసిన వేరుశనగలో ఎంతని ఇంకొకావిడ అడిగింది. పావుగంటలో అల్మారా ఖాళీ అయింది. ఇదేం దోపిడీ అని అరవడానికి క్లిఫర్డ్ బల్ల దగ్గరికి పరుగెత్తాడు. అరిచి వెనక్కి తిరిగేసరికి చలిమంట పక్కన అతని కుర్చీలో డోరీన్ కూర్చుని చేతి తొడుగులు విప్పుకుంటోంది.

“ఇది పబ్బు డోరీన్. నువ్వు ఒట్టేసుకున్నావు.”

“తాగనని వేశాను. కూర్చోనని కాదు. ఇన్నాళ్లూ రానిది నీ మీద దయతో. ఇంతకీ ఏమిటీ ఆజ్ఞ?”

బ్రెండా మొత్తం చెప్పింది, నీళ్లు కలిపావన్న మాటతో సహా. క్లిఫర్డ్ భార్య వైపు తిరిగాడు. ఎంతైనా లెక్కల మనిషి, తన పక్షాన న్యాయం చెబుతుందనుకున్నాడు. ఇంతకంటే కొరివితో తల గోక్కోవడం ఉండదు.

“నువ్వే చెప్పు. మత్తు తగ్గితే ధర తగ్గాలా వద్దా?”

డోరీన్ అతని గొర్రెపిల్ల గ్లాసు అందుకుని ఒక్కసారి వాసన చూసి కింద పెట్టింది.

“పోయిన నెల చర్చి సంతలో నా జామ్ నువ్వే అమ్మావు. చక్కెర తగ్గించింది ఎంతకమ్మావు?”

“నాలుగు పౌండ్లు.”

“మామూలుది?”

“అదీ నాలుగే.”

“చక్కెర సగమేగా. రెండు పౌండ్లకు ఎందుకివ్వలేదు?”

డోరీన్ జవాబు కోసం ఆగలేదు.

“అది గడ్డకట్టడానికి పొయ్యి దగ్గర నేనెంతసేపు నిలబడ్డానో తెలుసా? పండు కొంచెం పుల్లబారినా కప్పడానికి చక్కెర ఉండదు. మూడు గిన్నెలు పారబోశాను. అదంతా ఎవరి కోసం మొదలుపెట్టాను? నీ డాక్టరు చెప్పాడని, నీ కోసం. దాన్ని ఎవడైనా నీళ్లు కలిపిన జామ్ అనుంటే గరిటె వాడి నెత్తిన విరిగేది.”

ఆవిడ గొంతు పెంచలేదు. గొంతు పెంచని కోపమంటేనే క్లిఫర్డ్‌కు భయం. అటు చూస్తే హెడ్లీ నవ్వుతున్నాడు. ఇటు చూస్తే ఇరవై ముగ్గురు ఆడవాళ్లు టీ తాగడం ఆపి తనకేసి చూస్తున్నారు. పాత ధరలే రాయి తల్లీ అని బ్రెండాను బతిమాలుకున్నాడు.

“బోర్డు నువ్వే తుడువు. తుడిచే ముందు గొర్రెపిల్ల ఎలా ఉందో అందరికీ వినబడేలా చెప్పు,” అంది బ్రెండా.

“బాగుంది.”

“నాకు వినబళ్లేదు,” అన్నాడు హెడ్లీ.

“బాగుంది. పొట్టేలు కంటే బాగుంది. రెండు నెలల్నుంచి బాగుంది. అందుకే నాకు ఒళ్లు మండుతోంది. చాలా?”

చాలంది బ్రెండా. క్లిఫర్డ్ వీధిలోకెళ్లి, చలిగాలిలో నిలబడి తన పేరును తన చొక్కా చేత్తోనే తుడిచాడు. లోపల డోరీన్ లేచి, మహిళా సంఘం ఎవరి కష్టాన్నీ ఊరికే తాగదని ప్రకటించింది. ఇరవై నలుగురూ టీకి, సోడాకి, చిప్సుకి పాత ధర కట్టారు. శనివారం మధ్యాహ్నం అంత గల్లా బ్రెండా ఎప్పుడూ చూడలేదు. డోరీన్ మళ్లీ కుర్చీలో కూర్చుని మంట వైపు చేతులు చాచింది.

“ఇక్కడ ప్రతి శనివారం ఇంత వెచ్చగా ఉంటుందా?”

“ప్రతి శనివారమూ,” అంది బ్రెండా, క్లిఫర్డ్‌నే చూస్తూ.

బుధవారానికి చర్చి బాయిలరు బాగైంది. కానీ మంగళవారమే మహిళా సంఘం చేతులెత్తి ఓటేసింది, ఇక మీదట శనివారం సమావేశాలు కుంటి బాతులోనే అని. వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేవలేదు.

మరుసటి శనివారం పన్నెండింటికి ఖాళీగా ఉన్న చర్చి హాల్లో నలుగురు ముసలాళ్లు డామినోలు పరిచారు. అక్కడికి బీరు తేకూడదు, ఎంత శాతమున్నా సరే. హెడ్లీ క్లిఫర్డ్‌తో మాట్లాడడం లేదు. చర్చి కాపలా చూసే పెద్దమనిషి పెద్ద పాత్రలోంచి నాలుగు కప్పుల టీ పట్టి, కప్పుకు పౌండున్నర అన్నాడు. కప్పు అడుగున ఉన్న పూలబొమ్మ పలచటి టీలోంచి స్పష్టంగా కనబడుతోంది.

క్లిఫర్డ్ ఆరు పౌండ్లు లెక్కపెట్టి ఇచ్చి, టీ చాలా బాగుందన్నాడు.