ఏడో అంకె మీద చెయ్యి

మునిసిపాలిటీ దీపాల విభాగంలో ఏడో అంకె మీటగా ఉద్యోగం వచ్చిన ఓదెలు, చేరేలోపు చేయవలసిన పనులు ఇవి. నెత్తి నున్నగా గొరిగించుకోవాలి. నడినెత్తిన ఏడు అంకె రాయించుకోవాలి. మెడ నొక్కుడుకు తట్టుకుంటుందని ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. పనివేళల్లో నోరు విప్పనని హామీ పత్రం రాసివ్వాలి. బీటెక్ పట్టా ఒరిజినల్ జతచేయాలి.

అన్నీ చేశాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటింది అతనొక్కడే. అమ్మానాన్న పోయాక అక్క భూలక్ష్మి బీడీలు చుట్టి ఎలక్ట్రానిక్స్ చదివించింది. ఏ పని చెప్పినా సరిగ్గా చేయాలన్నది ఆ చదువుతోపాటు అతనికి అబ్బిన గుణం.

ఆ పట్టణంలో ఏ వాడకు ఎంత వెలుగుండాలో కీప్యాడ్ నిర్ణయిస్తుంది. కీప్యాడ్ అంటే పదహారు మంది ఉద్యోగులు. నాలుగు వరుసల్లో నలుగురేసి పీటల మీద కూర్చుంటారు. ఎదురుగా ఎత్తు కుర్చీలో, మెత్త మీద, దీపాలను నడిపే చిప్పు, మైక్రోకంట్రోలర్ సారు ఉంటారు. చిటికెనవేలంత నల్లని ఒళ్లు, ఇరవై ఎనిమిది కాళ్లు, భుజాల మీద శాలువా. ఆయన మాట్లాడరు. పక్కన ఎర్రదీపం వెలిగితే ఒప్పుకున్నట్టు. జనం వచ్చి తమ వాడకు మంజూరైన వెలుగు స్థాయి అంకె గల నెత్తిని నొక్కాలి.

నొక్కుడు పడ్డ మనిషి మాట మాత్రం చెల్లదు. అడ్డు వరుసకొక గుమస్తా, నిలువు వరుసకొక గుమస్తా ఉంటారు. సూపరింటెండెంట్ మనోహరరావు ఒక్కో వరుసనూ అడుగుతూ పోతారు. అడ్డూ నిలువూ ఇద్దరూ ఔనంటేనే ఆ మీట నొక్కినట్టు. ఇది ఓదెలు కాలేజీలో చదివిందే. అక్కడ మీటలు ప్లాస్టిక్‌వి, గుమస్తాలు రాగి తీగలు. అక్కడికీ ఇక్కడికీ తేడా ఏమిటో మొదటి వారం అతనికి బోధపడలేదు. రెండో వారానికి అసలు తేడా ఉందా అన్న అనుమానం వచ్చింది.

పక్క పీట మీది ఎనిమిదో అంకె రాజమల్లు ముప్పై ఏళ్ల సర్వీసు మనిషి. ఆఫీసర్ల కాలనీకి ఎనిమిదో స్థాయి వెలుగు గనక అతని నెత్తి కాయగాసింది.

“నీది కలిసొచ్చిన అంకె తమ్మీ,” అన్నాడు చాయ్ వేళ. “మూడేండ్ల సంది ఏడుకు నొక్కుడు పడ్డది లేదు. జీతం జీతమే, మెడ మెడే.”

“ఎందుకన్నా?”

“గదంత నీకెందుకు? చాయ్ సల్లారుతది, తాగు.”

ఓదెలు ఉండే కుమ్మరికుంట వాడది రెండో స్థాయి. రెండో స్థాయి అంటే దీపం మసకగా వెలగడం కాదు. పది పాళ్లలో రెండు పాళ్లు నిండుగా వెలిగి, ఎనిమిది పాళ్లు పూర్తిగా ఆరిపోవడం. ఎంత వేగంగా అంటే, కన్ను దాన్ని మసక అనుకుని సరిపెట్టుకుంటుంది. వెలుగు లేనప్పుడు మనిషి ఉన్నట్టు రుజువు లేదు గనక, ఆ వాడవాళ్లు పది పాళ్లలో రెండు పాళ్లే ఉంటారని మునిసిపాలిటీ తీర్మానించింది. నల్లా నీళ్లు ఆ ప్రకారమే వదులుతారు. ఇంతవరకు ఎవరూ తప్పు పట్టలేదు.

భూలక్ష్మి మాత్రం కిటికీ లేని గదిలో కూర్చుని బీడీలు చుడుతుంది. దారం కనిపించక ముడి వదులవుతోంది. ఈ నెల గడిచేలోపు చేతిపని బాగుపడకపోతే పని కార్డు తీసేస్తానని బీడీల కార్ఖానా మేనేజరు చెప్పేశాడు. ఆమె దరఖాస్తు పెట్టుకుంది. వాడకు ఏడో స్థాయి మంజూరైంది. కాగితం పట్టుకుని ఆఫీసుకొచ్చింది.

“ఏడంటే నువ్వేనట గద తమ్మీ!” అని నవ్వి, చిన్నప్పుడు నూనె పెట్టినట్టే అరచెయ్యి నడినెత్తిన ఆనించి నొక్కింది. పొగాకు వాసన. ఓదెలు హామీ పత్రం ప్రకారం పలకలేదు.

అది నిజంగా నొక్కడమా, ఊరికే చెయ్యి వణకడమా తేలాలంటే కొంత ఆగి మళ్లీ చూడాలి. కాలేజీలో అది ఇరవై మిల్లీసెకన్లు. మునిసిపాలిటీలో ఇరవై పనిదినాలు. సాయంత్రం ఐదుకు చెయ్యి తీయవచ్చు. పొద్దున పదింటికి మళ్లీ పెట్టాలి.

భూలక్ష్మి రోజూ వచ్చి నిలబడింది. ఆ చెయ్యి అక్కడుంటే బీడీలు చుట్టేదెట్లా? చుట్టలేదు.

“ఏందక్కా, దీవెననా, దిష్టి తీసుడా?” అన్నాడు ఎనిమిదిని నొక్కడానికొచ్చిన ఒకాయన.

“దీవెననే అయ్యా. ఇరువై దినాల దీవెన. మా తమ్ముడు ఇంజినీరు మరి.”

తొమ్మిదో రోజున ఓదెలుకు ఒక సంగతి కనబడింది. “మొదటి నిలువు?” అని సూపరింటెండెంట్ అడిగినప్పుడల్లా ఎవరూ పలకడం లేదు. ఆ కుర్చీలో గుమస్తా లేడు, తువ్వాలు ఒక్కటే ఉంది.

“ఎలక్షన్ డ్యూటీకి పోయిండు,” అన్నాడు రాజమల్లు, చాయ్ వేళ అడిగితే. “మూడేండ్లాయె. ఎలక్షన్లు అయిపోయినయి, ఆయన డ్యూటీ కాలే.”

“మరి ఆ వరుసల ఒకటి, నాలుగు, ఏడు…?”

“ముందుగాల్నే చెప్తి గద. కలిసొచ్చిన అంకెలని.”

ఆ సాయంత్రమే అక్కతో చెప్పాలనుకున్నాడు. “ఇంక పదకొండే తమ్మీ,” అంది ఆమె, వేళ్లు మడిచి చూపిస్తూ. అతను ఆగిపోయాడు. ఖాళీ భర్తీ చేయమని వినతిపత్రం రాసి లోపల ఇచ్చాడు. రసీదు నంబరు ఇచ్చారు. నంబరు ఇచ్చారంటే ఎవరో ఒకరు చదువుతారు, ఇరవయ్యో రోజుకల్లా గుమస్తా వస్తాడు. చదువుకున్నవాడు గనక అలా నమ్మాడు. రసీదు జేబులో పెట్టుకుని, మెడ నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

ఇరవయ్యో రోజు వచ్చింది.

“మూడో అడ్డు?”

“ఉందండి.”

“మొదటి నిలువు?”

తువ్వాలు ఫ్యాను గాలికి కొంచెం కదిలింది. ఎర్రదీపం వెలగలేదు.

“నొక్కడం జరగలేదు,” అన్నారు మనోహరరావు. “తరువాతివారు రండి.”

“జరగకపోతె నా చెయ్యి ఏడున్నదయ్యా?” అంది భూలక్ష్మి. చెయ్యి ఇంకా తీయలేదు.

ఓదెలు నోరు దానంతటదే తెరుచుకుంది. “నొక్కింది సార్! నాకు తెలుస్తుంది సార్. ఇరవై రోజుల నుంచీ నొక్కుతూనే ఉంది. అది మా అక్క చెయ్యి సార్!”

ఎవరూ కోప్పడలేదు. మనోహరరావు నియమావళి తిరగేసి, వేలు పెట్టి చదివారు. “గుమస్తాలు చెప్పకుండా తనంతట తానే నొక్కుడు పడిందనే మీటను ఇరుక్కున్న మీటగా పరిగణించాలి. దానిమీద మూత పెట్టాలి. జీతం ఆపరాదు.” స్టోరు నుంచి స్టీలు గిన్నె తెచ్చి ఓదెలు నెత్తిన బోర్లించారు. కొలత సరిపోయింది.

బీడీ కార్డు ఆ వారమే పోయింది.

కార్డు పోయిన సాయంత్రం భూలక్ష్మి ఖాళీ చాట ముందు పెట్టుకుని దీపం కింద కూర్చుంది. ఓదెలు ఎదురుగా కూర్చుని చాలాసేపు అక్కనే చూశాడు. అంత తదేకంగా ఎప్పుడూ చూడలేదు. అక్క ఉంది. లేదు. ఉంది. గోడ కనిపిస్తోంది. మళ్లీ ఉంది. కళ్లు నలుపుకున్నాడు.

“అక్కా, నువ్వు నడుమ నడుమ లేకుంట పోతున్నవే!”

“నాకెర్కేరా,” అంది భూలక్ష్మి. “నువ్వు చూస్తలేవనుకున్న.”

మరునాడు పది గంటలకు ఓదెలు గిన్నె సర్దుకుని పీట మీద కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళ మీరెప్పుడైనా కుమ్మరికుంట వాడ మీదుగా పోతే, గడపలో భూలక్ష్మి కనిపిస్తుంది. మసకగా ఉన్నా, కదలకుండా అక్కడే ఉన్నట్టుంటుంది. మీ కంటి తప్పేం లేదు. కనిపించని ఆ ఎనిమిది పాళ్లలో కూడా ఆమెను కాస్త గుర్తుపెట్టుకోండి.