టప్పుకీ టింగుకీ మధ్య మా కాపురం

ఆడదానికి దేవుడు ఇవ్వగల వరాలన్నింటిలోకీ గొప్ప వరం ఏమిటో తెలుసా? బిళ్ళల పిచ్చి ఉన్న మొగుడు! నవ్వులాటకు అనడం లేదు. నలభై ఏళ్ళకు పైగా అనుభవిస్తూ, ఒళ్ళు తెలిసే చెబుతున్నాను.

మన బిళ్ళల సంఘం పత్రికలో సంపాదకుడు ఓర్విల్ ఈ నెల నుంచి 'ఇంటివాళ్ళ పేజీ' అని ఒకటి పెట్టాడు. "వెర్నా, మొదటిది నువ్వే రాయాలి. సేకరణ చేసేవాడి భార్యగా నీ ఆనందమంతా ఒక పేజీలో సర్దెయ్," అన్నాడు. ఒక పేజీలో పట్టే ఆనందమా ఇది? అయినా సరేనన్నాను. నాకూ కొంచెం తొందరగానే ఉంది. వచ్చే మంగళవారం నా గొంతు కోస్తున్నారు. ఆ సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆనందం కానివ్వండి.

ఏ మంగలిషాపులోనో వంతు కోసం కూర్చుని ఈ పత్రిక తిరగేస్తున్న అమాయకుల కోసం ఒక్క మాట. బిళ్ళలంటే కాసినోలో డబ్బు తీసుకుని చేతికిచ్చే చిప్స్. మామూలు మనుషులు వాటితో జూదం ఆడతారు. మా ఆయన డెల్బర్ట్ వాటిని చూస్తాడు, తడుముతాడు, వింటాడు. అంతకు మించి ఏ పాపమూ ఎరగడు.

కాసినోలకు పేరుపడ్డ ఈ రీనో ఊళ్ళో జూదంలో ఇళ్ళూ వాకిళ్ళూ పోగొట్టుకున్న మొగుళ్ళు వీధికొకరు దొరుకుతారు. మా ఆయన ఇంతవరకు ఒక్క పందెం ఓడిపోలేదు. ఎలా ఓడతాడు, ఒక్క పందెమూ కాయలేదు కదా! పెన్షన్ రాగానే కాసినోకి వెళతాడు. మొత్తానికీ బిళ్ళలు కొంటాడు. జేబుల్లో పోసుకుని ఇంటికి వస్తాడు. పందెం కాయాలంటే బిళ్ళను చేతులారా అవతలికి నెట్టాలి. కన్నబిడ్డను ఎవరైనా అలా నెడతారా?

కాబట్టి మా పెన్షన్ ఎక్కడికీ పోలేదు. గారేజీలో అరల నిండా భద్రంగా ఉంది. ఆ బిళ్ళలు ఇచ్చిన కాసినోల్లో సగం మూతపడ్డాయి, కొన్నింటిని కూల్చి పార్కింగు చేశారు. మూతపడితే బిళ్ళ మీద మోజు పెరుగుతుందట. ఊళ్ళో ఏ కాసినో దివాలా తీసినా ఆ సాయంత్రం మా ఇంట్లో కేకు కోస్తాం. ఉద్యోగాలు పోయినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు కనుక కిటికీలు మూసి కోస్తాం.

ఇక ఈ పిచ్చి వల్ల ఇంటికొచ్చే విద్య సంగతి చెప్పనా? మట్టి బిళ్ళ వేరు, పింగాణీ బిళ్ళ వేరు, లోపల ఇనుపముక్క దాచిన ప్లాస్టిక్ బిళ్ళ వేరు. అంచు మీది రంగుచారలు తిన్నగా ఉన్నాయా, నడుమ బొమ్మ నడుమకే వచ్చిందా అని చూడటం ఒకటో తరగతి చదువు. తర్వాత బొటనవేలికి పని. మంచి మట్టి బిళ్ళ వేలి కింద సుద్దముక్కలా గరగరలాడాలి, అంచు గోటికి గుచ్చుకోవాలి. అన్నింటికన్నా పెద్ద పరీక్ష చెవిది. ఒక బిళ్ళ మీద ఇంకో బిళ్ళను వదిలితే మట్టిది టప్పంటుంది. పింగాణీది టింగంటుంది. ప్లాస్టిక్‌ది ఠంగుమంటుంది, అది విన్న చెవిని సబ్బుతో కడుక్కోవాలి! టప్పు విన్నప్పుడు మా ఆయన కళ్ళు అరమోడ్పులవుతాయి. పెళ్ళిలో పాస్టరు ముందు నేను 'సరే' అన్నప్పుడు కూడా అవి అలా అవలేదు.

ఈ విద్య వంటింట్లోకీ వచ్చింది. నేను పొయ్యిలోంచి తీసిన బిస్కెట్లను ఒకదాని మీద ఒకటి వదిలి వింటాడు. టప్పంటే ఆనందంగా తింటాడు. అలా అన్నాయంటే లోపల పిండి ఉడకలేదని నాకు అర్థం. మా ఇంట్లో ఉడికిన బిస్కెట్ తిని చాలాకాలమైంది.

చర్చిలోనూ అంతే. మా ఊళ్ళో కానుకల పళ్ళెంలో నోట్లతో పాటు బిళ్ళలు పడటం మామూలే. గెలిచినవాళ్ళకు భక్తి, ఓడినవాళ్ళకు పశ్చాత్తాపం. పళ్ళెం పట్టుకుని తిరిగే పని మా ఆయన అడిగి మరీ తీసుకున్నాడు. ప్రతి వరస దగ్గరా తల వంచి పళ్ళెం దగ్గరగా చెవి పెడతాడు. "డెల్బర్ట్ గారి వినయం చూసి నేర్చుకోండి," అని పాస్టరు కుర్రాళ్ళకు చెబుతుంటాడు.

ఇప్పుడు నా గొంతు సంగతి. లోపల గడ్డ ఉందట. తీసేయాలట. తీశాక గొంతు ఇప్పటిలాగే ఉంటుందని హామీ ఇవ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. బొంగురుపోవచ్చు, సన్నబడవచ్చు, గుసగుసకే పరిమితం కావచ్చు. అప్పటిదాకా గట్టిగా అరవవద్దంది. ఆవిడకేం తెలుసు, మా ఇంట్లో అరవకపోతే ఉప్పు కూడా అందదని!

ఇంటికొచ్చి గారేజీలోకి వెళ్ళాను. మా ఆయన దీపం కింద బిళ్ళ పట్టుకుని కూర్చున్నాడు.

"డెల్బర్ట్, గొంతులో గడ్డ ఉందట. కోయాలట," అన్నాను.

"అవును వెర్నా, చూశావా, అంచు ఇంకా అరగలేదు!" అన్నాడు.

"తర్వాత మాట రాకపోవచ్చట."

"మన అదృష్టం కాకపోతే మరేమిటి!" అన్నాడు, నా చెయ్యి తీసుకుని ఆ బిళ్ళను అరచేతిలో పెట్టి.

గమనించారా వరం? మిగతా ఇళ్ళల్లో అయితే ఏడుపులు, ఓదార్పులు, నిద్ర లేకపోవడాలు. మా ఇంట్లో ఒక్క కన్నీటి చుక్క లేదు. చీటీ రాసి ఇవ్వవచ్చు కదా అంటారా? ఇచ్చాను. ఎండిపోయిన మట్టి బిళ్ళకు నూనె రాస్తే రంగు తేలుతుందని ఆయన రాస్తుంటాడు. రాసినవాటిని ఆరబెట్టడానికి నా చీటీ సరిగ్గా సరిపోయింది. ఆపరేషన్ సంగతంతా నూనెలో తేలిపోయింది.

మరి ఆయన చెవులు అంత పాడయ్యాక ఆ టప్పులూ టింగులూ ఎలా వింటున్నాడని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. ఒక గురువారం తీరింది.

గురువారాలు మా గారేజీలో మహాసభ. ఓర్విల్, క్లైడ్, మా ఆయన. పచ్చగుడ్డ పరిచిన బల్ల ఉంటుంది, పేకముక్కల కట్ట ఉంటుంది, దాని మీది కాగితం ఇంతవరకు ఎవరూ చింపలేదు. ఆ ముగ్గురి ఆరు చెవులూ కలిపినా ఒక మంచి చెవికి సరిపోవు. నేను కాఫీ తీసుకుని వెళ్ళేసరికి క్లైడ్ ఒక బిళ్ళను గాల్లోకి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. అది ఎప్పుడో మూతపడిన సిల్వర్ మ్యూల్ కాసినో వాళ్ళ మట్టి బిళ్ళ.

"వేస్తున్నా, చెవులు రిక్కించి వినండ్రా!" అన్నాడు క్లైడ్.

పాపం, చేతి వణుకు. బిళ్ళ బల్ల మీద కాకుండా ఆయన ఒళ్ళోని ఉన్ని కంబళి మీద పడింది. చీమ తుమ్మినంత చప్పుడు కూడా రాలేదు.

"ఆహా!" అన్నాడు ఓర్విల్.

"టప్పంటే ఇదిరా!" అన్నాడు మా ఆయన, కళ్ళు అరమోడ్చి.

"కొంచెం టింగు కలిసినట్టు లేదూ?" అన్నాడు ఓర్విల్.

"నీ మొహం! టింగు కలిసింది నీ చెవిలో. ఒరే క్లైడూ, వీడి బుర్రకెక్కేలా ఇంకోసారి వెయ్."

క్లైడ్ బిళ్ళ కోసం బల్లంతా తడుముతున్నాడు. నేనే ఆయన ఒళ్ళోంచి తీసి చేతికిచ్చాను. టింగు ఉందా లేదా అనే దాని మీద ఆ ఇద్దరూ భోజనాల దాకా పోట్లాడుకున్నారు. ఒక్క విషయంలో మాత్రం ముగ్గురూ ఏకమయ్యారు. ఈ కాలం బిళ్ళల్లో చప్పుడు మునుపటిలా లేదట. ఏటేటా తగ్గిస్తున్నారట! అన్యాయమని తయారుచేసేవాళ్ళకు ఓర్విల్ ఘాటుగా ఉత్తరం కూడా రాశాడు.

ఆ రోజే నిశ్చయించుకున్నాను. చెవి మిషన్ పెట్టించాల్సిందే. ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళడం మాత్రం తేలికే. పక్కగదిలోకి వెళ్ళి గొణిగినా 'బిళ్ళ' అన్న మాట ఒక్కటి ఎలాగో వినిపిస్తుంది. కొత్త బిళ్ళల కొట్టు తెరిచారన్నాను. నాకన్నా ముందే కారెక్కి కూర్చున్నాడు.

ఆసుపత్రిలో ఒకమ్మాయి ఓపికగా రెండు చెవుల్లోనూ మిషన్లు అమర్చింది. "సార్, ఇప్పుడెలా వినిపిస్తోంది?" అని అడిగింది. మా ఆయన జేబులోంచి రెండు సిల్వర్ మ్యూల్ బిళ్ళలు తీసి ఆవిడ బల్ల మీద ఒకదాని మీద ఒకటి వదిలాడు. మొహం నల్లబడింది.

"అమ్మాయ్, నీ మిషన్ పాడైంది. బంగారంలాంటి మట్టి బిళ్ళను పింగాణీ చేసేసింది."

"అది నిజంగా అలాగే చప్పుడు చేస్తుందేమో సార్?"

"నువ్వు పుట్టకముందు నుంచి వింటున్నా, నాకా చెబుతున్నావ్?"

ఇదే అదను అనుకుని నేను దగ్గరికి జరిగాను. "డెల్బర్ట్, నేనెలా వినిపిస్తున్నాను?" అన్నాను.

నా వైపు చూశాడు. ఆలోచించాడు. "నువ్వూ పింగాణీలాగే ఉన్నావ్," అని రెండు మిషన్లూ ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. అసలు మాట నా నోట్లోనే ఉండిపోయింది.

నా గొంతు గురించి ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఇచ్చిన అభిప్రాయం అదొక్కటే. సంతోషించాలి కదా! కొందరు భార్యలకు ఆ భాగ్యమూ ఉండదు. మిషన్లు మాత్రం ఇప్పుడు హాయిగా ఉన్నాయి. గారేజీ మూడో అరలో, ముఖమల్ గుడ్డ మీద, పైన గాజుమూత కింద. వారానికోసారి దుమ్ము దులుపుతాడు. నేను ఆ అరలోకి పట్టను, లేకపోతే నేనూ హాయిగా ఉండేదాన్నే.

ఓర్విల్ ఇచ్చిన పేజీ అయిపోవచ్చింది. పాఠకులారా, ఇంతసేపు ఓపిక పట్టినందుకు మీకు నమస్కారం. మీరిక పేజీ తిప్పేయవచ్చు. నిజం చెప్పాలంటే ఇది మీ కోసం రాసింది కాదు. మా ఆయనకు నా మాట వినిపించదు, నా చీటీ కనిపించదు. కానీ శనివారం ఈ పత్రిక రాగానే కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా ఒక్క అక్షరం వదలకుండా చదువుతాడు.

డెల్బర్ట్, చదువుతున్నావు కదా? మంగళవారం పొద్దున నాకు గొంతు ఆపరేషన్. ఆ తర్వాత ఈ గొంతు ఉండకపోవచ్చు. ఈ సంగతి పక్కింటావిడకు తెలుసు, పాస్టరుకు తెలుసు, ఇప్పుడు ఈ పత్రిక చదివే ఊరందరికీ తెలుసు. నీకే చెప్పలేకపోయాను. నాకు భయంగా ఉంది డెల్బర్ట్. వంటింట్లోనే ఉన్నాను. పత్రిక అక్కడ పెట్టి, ఆ గాజుమూత తీసి, అవి చెవుల్లో పెట్టుకుని రా. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటాను. ఎలా ఉందో నువ్వేమీ చెప్పక్కర్లేదు. కూర్చుని విను, చాలు.