బయటి ప్యాకేజీకి గ్రామసభ

మోదుకుంట మండలంలో కులధ్రువీకరణ పత్రాలను ఇకపై చేత్తో రాయబోమని, కంప్యూటరే ముద్రిస్తుందని తహసీల్దారు చెంచురామయ్య 2006 జూన్‌లో ప్రకటించారు. ఆ రోజు నుంచి పత్రాలు ఆగిపోయాయి. ప్రజలు హర్షం వ్యక్తం చేస్తున్నట్లు ఆయన పైకి నివేదిక పంపారు.

పత్రాలు ముద్రించే ప్రోగ్రాం పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. దానికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, తెలుగు రావు. రావాలంటే వేరెవరో రాసి నెట్‌లో పెట్టిన ప్యాకేజీ ఒకటి తెచ్చి మెషీన్‌లో ఎక్కించాలి.

"ఎవరు రాశారయ్యా దాన్ని?" అని ఆపరేటర్ రూప్‌సింగ్‌ను అడిగారు చెంచురామయ్య.

"ఎవరో జర్మనీ ఆయన సార్. ఫ్రీగనే ఇస్తుండు."

"అయితే బయటివాడు."

చెంచురామయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మోదుకుంట ఏజెన్సీ మండలం, అంటే గిరిజన ప్రాంతం. అక్కడ గిరిజనులు కాని బయటివాళ్ళకు భూమి దఖలు పడకూడదని చట్టం ఉంది. రిటైరయ్యేలోగా ఆ చట్టాన్ని ఒక్కసారైనా అమలు చేయాలని ఆయన కోరిక. ఇన్నాళ్ళకు ఎదురు తిరగని బయటివాడు దొరికాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ టేపు పట్టుకుని కంప్యూటర్‌ను కొలిచి, హద్దులు రాశాడు: తూర్పు కిటికీ, పడమర బీరువా, ఉత్తరం గోడ, దక్షిణం మంచినీళ్ళ కుండ. ఆ హద్దుల్లోకి బయటి ప్యాకేజీ రావాలంటే ఇక గ్రామసభ ఒప్పుకోవాలి.

నాగక్క రోజూ ఆఫీసుకు వస్తోంది. ఆమె కూతురు శ్యామలకు ఖమ్మంలో నర్సింగ్ సీటు వచ్చింది. శనివారంలోగా కులం కాగితం చూపించకపోతే సీటు పోతుంది.

"ఎన్నడు లేంది గిదేంది సారూ? పోయినేడు మా పెద్దోనికి చేత్తోనే రాసిచ్చిండ్రు కద!"

"చేత్తో రాస్తే చెల్లదని నేనే ఉత్తర్వు ఇచ్చానమ్మా. నా ఉత్తర్వును నేనే ధిక్కరిస్తే ఇక క్రమశిక్షణ ఎక్కడిది?"

శుక్రవారం గ్రామసభ జరిగింది. పంచాయతీ ఆఫీసు ముందు ఎండగా ఉందని సభను వెంకటేశ్వరరావు గారి పామాయిల్ తోటలో పెట్టారు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు. కుర్చీలు, మజ్జిగ ఆయనవే.

"సోదరులారా! ఈరోజు ఒక ప్యాకేజీ వస్తుంది. రేపు దాని వెనకే ఇంకొకటి. బయటివాళ్ళు ఇట్లా వచ్చి పాతుకుపోతే ఈ గడ్డ బిడ్డల గతి ఏమిటి?" అన్నారు చెంచురామయ్య. అందరికంటే ముందు వెంకటేశ్వరరావు చప్పట్లు కొట్టారు.

గూడెం పెద్ద జంపయ్య లేచాడు.

"అది అప్పిచ్చి భూమి రాయించుకుంటదా సారూ?"

"లేదు."

"మా పొలాలకు కంచె గొడ్తదా?"

"కొట్టదు పెద్దాయనా."

"గట్లయితె ఉండనీయిండ్రి. గింత మంచి బయటోన్ని మేం ఎన్నడు జూడలె."

తీర్మానం ఏకగ్రీవమైంది. రూప్‌సింగ్ బండి మీద ఆఫీసుకు వెళ్ళి, కాసేపటికి తల గోక్కుంటూ తిరిగి వచ్చాడు.

"ఎక్కుతలేదు సార్. ముందుగాల ఇంకో ప్యాకేజీ కావాలంటున్నది. అది గూడ బయటిదే."

"చెప్పానా!" అన్నారు చెంచురామయ్య. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన అంత సంతోషంగా కనిపించడం అదే మొదలు. "సోమవారం మళ్ళీ సభ. స్థలం ఇదే."

"సోమారమా? సీటు రేపటి దాకనే సారూ!" అంది నాగక్క. "ఇంక దానికి ఎంతమంది చుట్టాలున్నరో ఏందో!"

"ఈ చట్టం మిమ్మల్ని కాపాడటానికేనమ్మా. నువ్వే తొందరపడితే ఎట్లా?"

శనివారం గడిచింది. ప్యాకేజీ చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి, ఒక్కొక్క గ్రామసభ జరిపించుకుని కంప్యూటర్‌లో చట్టబద్ధంగా స్థిరపడ్డారు. శ్యామల కాగితం చక్కని తెలుగు అక్షరాల్లో అచ్చయింది. అది తీసుకునే నాటికి ఆమె అదే తోటలో కూలికి రాలిన పామాయిల్ పండ్లు ఏరుతోంది.

సభలకు వచ్చిన వాళ్ళంతా చెట్ల నీడను మెచ్చుకున్నారు. ఆ చెట్ల కింద నేల ఎవరిదని ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. ఇంతసేపూ ప్యాకేజీ ఎక్కిందా లేదా అని చూస్తూ కూర్చున్న మీరూ అడగలేదు.