వంకాయ, వేడి నూనె, మా ఆవిడ వ్యాసం

నవ్వకు, ఫిక్రీ. చేతిలో ఉన్న డొమినో బిళ్ళ కింద పెట్టి విను. మిగతావాళ్ళు కూడా వినండి. రేపు ఎవరో ఒకరు మీకు చెబుతారు, తప్పుగా చెబుతారు. నేనే చెప్పడం మంచిది.

నాలుగు నెలలపాటు నేను ఒక వంకాయ మీద అసూయతో బతికాను.

కూరలోకి వాడే వంకాయ కాదు. మనిషి. మనిషే అనుకుంటాను. వికీలో వ్యాసాలు రాసేవాళ్ళు సొంత పేర్లు పెట్టుకోరు. మా ఆవిడ షాహెందా బడిలో రసాయన శాస్త్రం చెబుతుంది కాబట్టి అక్కడ ఆమె పేరు ‘మూడో పరీక్షనాళిక’. ఆమెతో కలిసి రాసే వ్యక్తి పేరు ‘విచారంలో ఉన్న వంకాయ’. ఇద్దరూ ఒక వీడియో గేమ్ గురించి వ్యాసం రాస్తున్నారు.

గేమ్ పేరు ‘దిగని ప్రయాణికుడు’. ఇరవై ఏళ్ళ కిందట మన అలెగ్జాండ్రియాలోనే ముగ్గురు కుర్రాళ్ళు తయారుచేశారు. ఆడేవాడు ట్రామ్ డ్రైవరు. ఆఖరి స్టాపు వచ్చినా ప్రయాణికులు దిగరు, కష్టాలు చెప్పుకుంటూ కూర్చుంటారు. ఒక్కొక్కరికీ తగిన మాట చెప్పి దింపాలి. షాహెందా కాలేజీ రోజుల్లో దాన్ని ప్రాణంగా ఆడిందట. నేను ఆడలేదు. రోజూ రేవులో కస్టమ్స్ ఆఫీసుకు వెళ్ళే నిజం ట్రామే నాకు చాలు.

ఒక సాయంత్రం ఆమె తెర వైపు చూసి నవ్వింది.

అసూయ గురించి నేను గమనించిన సంగతి ఒకటుంది. పగలబడి నవ్వే నవ్వుకు అది లేవదు. పెదవి ఒక మూల మాత్రం కదిలే నవ్వుకు లేస్తుంది. ఆ మూల నవ్వు పదకొండేళ్ళ కిందట సముద్రం పక్కన కోర్నిష్ రోడ్డు మీద నాది. నేనే సంపాదించుకున్నాను. అది ఇప్పుడు తెరలోకి పోతోంది.

“ఎవరు?” అన్నాను.

“వంకాయ. కథ విభాగం తొమ్మిది వందల మాటలుండేది. నాలుగు వందలకి దించేసింది. ఒక్క ప్రయాణికుడు కూడా జారిపోలేదు!”

“దించేసిందా? అంటే ఆడమనిషా?”

“వంకాయ.”

“మగాడా?”

“వంకాయ అన్నాను కదా, వగీహ్. అక్కడ ఎవరూ అడగరు.”

“అడక్కపోతే ఎలా తెలుస్తుంది?”

“తెలిసి ఏం చెయ్యాలి? రాసిన ప్రతి మాటకీ, అది ఎక్కడ దొరికిందో మూలం ఇస్తుంది. మనిషిలో అంతకంటే ఏం కావాలి?”

నేను ఆలోచనలో పడ్డాను. పదకొండేళ్ళలో ఆమెకు ఒక్క మూలం కూడా ఇవ్వలేదు. ఆలస్యంగా ఇంటికొచ్చిన రోజుల్లో కూడా.

మర్నాడు ఆమె వంకాయలతో ముసక్కా చేసింది. పళ్ళెం పక్కకు జరిపాను.

“ఏమైంది?”

“వంకాయ పడటం లేదు.”

“ఎప్పట్నించి?”

“మూలం కావాలా?” అన్నాను. ఆమె నా పళ్ళెం కూడా తనే తినేసింది.

అప్పుడు పుట్టింది పథకం. నేనూ వికీలో చేరతాను. ఆ వంకాయకు ఏమీ తెలియదని షాహెందా కళ్ళ ముందే నిరూపిస్తాను. పేరు కోసం ఎక్కువ వెతకలేదు. వంకాయకు పుట్టుకతో వచ్చిన శత్రువు ఎవరు? ‘వేడి నూనె’ అని ఖాతా తెరిచాను.

వ్యాసం చదివాను. ముందు పరిచయం, తర్వాత ఆడే తీరు, ఆ తర్వాత కథ, ఆపైన నిర్మాణం, విడుదల, ఆదరణ, అన్నిటికీ కింద మూలాలు. ఇదేం వరస? ఎవరైనా ముందు కథే కదా అడుగుతారు? కథను పైకి తెచ్చాను. నిర్మాణాన్ని అడుగుకు తోశాను. ముగ్గురు కుర్రాళ్ళు ఏ గదిలో కూర్చుని చేస్తే మనకేం?

ఏడు నిమిషాల్లో అన్నీ వాటి చోటుకు వెళ్ళిపోయాయి. పక్కన ఒక గమనిక: “హ్యాండిల్ తిప్పితే ఏమవుతుందో తెలియనివాడికి, అది విరిగినప్పుడు డ్రైవరు ఎందుకు ఏడ్చాడో ఎలా తెలుస్తుంది? ముందు ఆడే తీరు, తర్వాతే కథ.” సంతకం, మూడో పరీక్షనాళిక.

నా పెళ్ళాం. పక్క గదిలోంచి.

నేను ఆగలేదు. పాఠకులకు సాయంగా ఒక వాక్యం చేర్చాను: “పైన పేర్కొన్న ట్రామ్‌లోని అలిగిన నర్సుకు సోంపు టీ తాగమని చెప్పండి, వెంటనే దిగిపోతుంది.” షాహెందా కొట్టేసింది: “ఇది వ్యాసం. గేమ్ గెలిపించే ట్యూషన్ కాదు.” పరిచయంలో ‘ఈ మహాద్భుతమైన గేమ్’ అని రాశాను. ఈసారి వంకాయ వచ్చి ‘మహాద్భుతమైన’ తీసేసి, ఒకే మాట రాసింది: “ఎవరన్నారు?”

ఒక్క మాటతో నన్ను అంత అవమానించినవాళ్ళు లేరు. మా అత్తగారు కూడా కనీసం మూడు వాడుతుంది.

ఆ రోజు భోజనాల దగ్గర షాహెందా అంది: “ఇవాళ ఎవడో మూర్ఖుడు దిగాడు. వేడి నూనె అట.”

నా గుండె ఎగిరి గంతేసింది. ఎన్నో వారాల తర్వాత మా భోజనాల బల్ల మీద నా ప్రస్తావన వచ్చింది.

“అంత మూర్ఖుడా?”

“ఇంతింత కాదు.”

“ఏమో, కొత్త ఆలోచన ఉందేమో పాపం.”

“ఉంది. వ్యాసానికి కాళ్ళు పైన, తల కింద పెట్టాలని.”

అయినా వదల్లేదు. ఇంట్లో ఉంటే బాత్రూములో కూర్చుని ఫోన్లో రాసేవాణ్ణి. అరగంట, ముప్పావుగంట. షాహెందా తలుపు కొట్టి “మళ్ళీ కడుపా?” అనేది. బయటికి రాగానే మరిగించిన జీలకర్ర నీళ్ళలో నిమ్మకాయ పిండి గ్లాసు చేతికిచ్చేది. పంచదార వెయ్యదు. మూడు వారాలు తాగాను.

ఆ మూడు వారాల్లో ఏం జరిగిందంటే, సిగ్గుగానే ఉంది చెప్పడానికి, నేర్చుకున్నాను. పొగడ్తలు మానేశాను. ఊహలు మానేశాను. ఒకరోజు రేవులో ఎవరూ విడిపించుకోని గాజుసామాను పెట్టె తెరిస్తే, గ్లాసులకు చుట్టిన పాత వారపత్రికలో ఈ గేమ్ మీద సమీక్ష కనిపించింది. గ్లాసు పక్కన పెట్టి కాగితం జాగ్రత్తగా సాపు చేశాను. తేదీ, పేజీ సంఖ్యతో సహా ‘ఆదరణ’ విభాగంలో చేర్చాను.

సాయంత్రం షాహెందా కేక వేసింది. “వగీహ్! వేడి నూనె ఏం తెచ్చాడో చూడు! ఎవరికీ దొరకని మూలం. ఆదరణ విభాగానికి ప్రాణం లేచొచ్చింది.”

తెర వైపు చూసి నవ్వింది. పెదవి ఒక మూల. ఎదురుగా నేను కూర్చుని ఉన్నాను. నా వైపు కాదు.

“ఎలాంటివాడై ఉంటాడంటావ్?” అన్నాను.

“ఒంటరివాడు, పాపం. ఓపికున్నవాడు. ఒక్కసారి చెబితే వింటాడు.” కళ్ళజోడు పైకి తోసుకుంది. “నీలా కాదు.”

చూడండి, వంకాయ మీద అసూయ వేడిగా ఉండేది. అందులో కొంత సుఖం కూడా ఉండేది, పుండు గోక్కున్నట్టు. ఇది అలా కాదు. ఇది చల్లగా లోపలికి దిగింది. వాడు వేళ్ళు నావి వాడుకున్నాడు, ట్రామ్‌లో నా సీటులో కూర్చుని ఆలోచించాడు, నా పెట్టెలోంచి కాగితం తీసుకున్నాడు. నవ్వు వాడికి, జీలకర్ర నీళ్ళు నాకు. నేను ఇంటికొచ్చినప్పుడు లేవని మనిషి, వాడు ఏదైనా రాశాడని తెలిస్తే గబగబా లేచి కళ్ళజోడు వెతుక్కునేది. వాణ్ణి వెళ్ళగొట్టాలి. వాడు నేనే అన్న సంగతి నాకు చాలా చిన్న విషయంగా తోచింది.

శుక్రవారం నమాజు తర్వాత షాహెందా సీదీ బిష్ర్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది. నేను వికీ నిర్వాహకులకు ఫిర్యాదు రాశాను: “వేడి నూనె అనే వ్యక్తి ఒక గౌరవనీయురాలి మెప్పు కోసం ఆమె వెంట పడుతున్నాడు. వెంటనే బహిష్కరించగలరు.” ఏ ఖాతాతోనూ లోపలికి వెళ్ళకుండానే రాశాను. పేరు లేనివాణ్ణి ఎవరు పట్టుకుంటారు?

పేరు లేకపోతే ఆ చోట మన ఇంటి ఇంటర్నెట్ సంఖ్య పడుతుందని నాకు తెలియదు. నిజానికి తెలిసి ఉండాల్సింది. రేవులో కూడా పేరు లేని పెట్టెనే మేం ముందు తెరుస్తాం.

నిర్వాహకుడి పేరు ‘తక్కెడ తాత’. ఆయన సంఖ్య చూశాడు. వేడి నూనెది తీసి చూశాడు. అదే సంఖ్య. ఇంకెవరైనా ఉన్నారా అని చూశాడు. మూడో పరీక్షనాళిక. సాయంత్రానికల్లా తీర్పు: “మూడో పరీక్షనాళిక దొంగ ఖాతాలు నడుపుతోంది. మూడు వారాలు తనతో తానే పోట్లాడి, తనను తానే మెచ్చుకుని, చివరికి తన మీద తానే ఫిర్యాదు చేసుకుంది. ఖాతా నిలిపివేయడమైనది.”

వ్యాసానికి ‘మంచి వ్యాసం’ నక్షత్రం కోసం షాహెందా దరఖాస్తు పెట్టి ఉంది. పరిశీలకుల ప్రశ్నలకు ఆదివారం లోగా జవాబివ్వకపోతే కొట్టేస్తారు. జవాబివ్వాల్సిన మనిషికి నోరు కట్టేశారు.

ఆమె ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

“జీలకర్ర నీళ్ళు ఊరికే ఇచ్చాననుకున్నావా?”

“నీకు తెలుసా?”

“రెండో రోజే. ‘పైన పేర్కొన్న ట్రామ్’ అని రాసేవాడు ఈ ఊళ్ళో కస్టమ్స్ గుమాస్తా కాక ఎవడుంటాడు?”

“మరి చెప్పలేదేం?”

“భర్తకి చెబితే వినవు. నూనెకి చెబితే వింటున్నావ్. నేర్చుకుంటున్నావ్ కూడా. ఎందుకు చెడగొట్టడం అనుకున్నా.” అంటూనే ల్యాప్‌టాప్ మూసింది. “నీ మీద నువ్వే అసూయపడి ఫిర్యాదు పెడతావని మాత్రం అనుకోలేదు వగీహ్. నాలుగు నెలలు. ప్రతి వాక్యానికీ ఒక కాగితం వెతికాను.”

తిట్టి ఉంటే బాగుండేది. వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

నేను తాతకు రాశాను. ఆమెది తప్పు లేదు, వేడి నూనె నేను, ఆమె భర్తను అని. తాత జవాబు: “దొంగ ఖాతాలు నడిపే ప్రతివారికీ ఒక భర్తో తమ్ముడో ఉంటాడు. ఈ భర్త ఉన్నాడనడానికి మూలం?”

పెళ్ళి పత్రం పంపుతానన్నాను. “పెళ్ళయిందని తెలుస్తుంది. ఇద్దరూ రాస్తున్నారని తెలియదు” అన్నాడు.

పదకొండేళ్ళ కాపురం చేసిన మనిషిని, మూలం లేని వాక్యంలా మిగిలిపోయాను.

అప్పుడు మధ్యలోకి ఎవరొచ్చారు? వంకాయ. “ఇద్దరినీ చెరొక పేరా రాయమనండి. గేమ్ మొదటి దృశ్యం, ఒకే సమయంలో, నూరు మాటల్లో. చదివితే తెలిసిపోతుంది.” తాత ఒప్పుకున్నాడు. శనివారం సాయంత్రం అయిదింటికి, షాహెందా, ఖాతా నిలిపేసినా రాయనిచ్చే తన చర్చా పేజీలో, నేను నా పేజీలో. నా భార్యను నేను ముంచాను, వంకాయ ఒడ్డుకు లాగుతోంది. ఆ సాయం మింగడం జీలకర్ర నీళ్ళకంటే కష్టమైంది.

శనివారం మధ్యాహ్నమంతా ఆలోచించి ఒక త్యాగానికి సిద్ధపడ్డాను. మూడు వారాలు ఆమె దగ్గర నేర్చుకున్నవాణ్ణి. నేను బాగా రాస్తే ఇద్దరి రాతా ఒకేలా ఉంటుంది. ఆమె మునుగుతుంది. కాబట్టి చెడగొట్టి రాయాలి. ఆమె చేయి పట్టుకుని ఆ మాటే చెప్పాను. నా కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

“వద్దు వగీహ్. కావాలని చెడగొడితే కనిపెట్టేస్తారు. మనసుపెట్టి రాయి. నీకు చేతనైనంత బాగా.”

“మరి రెండూ ఒకేలా ఉంటే?”

ఆమె చేయి విడిపించుకుని ల్యాప్‌టాప్ అందుకుంది. “ఆ ప్రమాదానికి నేను సిద్ధమే.”

అయిదింటికి ఆమె భోజనాల బల్ల దగ్గర, నేను బాల్కనీలో. రాశాను. ఉన్నదంతా పెట్టి రాశాను. సముద్రం పెట్టాను, పొగమంచు పెట్టాను, డ్రైవరు కంట్లో చెమ్మ పెట్టాను. “పైన పేర్కొన్న పొగమంచు నగరం యొక్క హృదయంలా కమ్ముకుంది” అన్న వాక్యం దగ్గర నాకే ఒళ్ళు జలదరించింది. ఇంత మంచి రచన చేసి ఆమెను నాశనం చేస్తున్నానే అని రెండుసార్లు ఆపేశాను. కానీ ఆమె మనసుపెట్టమంది కదా.

ఇరవై నిమిషాల్లో తీర్పు వచ్చింది. తాత రాశాడు: “రెండూ చదివాం. ఇద్దరూ ఒకరు కారు. ఎవరికీ సందేహం లేదు.” దాని కింద పదకొండు మంది సంతకాలు. ఆఖరున వంకాయ: “ఏకీభవిస్తున్నాను. వీరిలో ఒకరికి రాయడం వచ్చు.”

షాహెందా ఖాతా తెరుచుకుంది. ఆమె లేచి గెంతింది, నన్ను వాటేసుకుంది, వెంటనే వదిలేసి పరిశీలకులకు జవాబులు రాయడం మొదలుపెట్టింది. ఆదివారం నక్షత్రం వచ్చింది. వేడి నూనె ఆ వ్యాసాన్ని మళ్ళీ ముట్టకూడదని తాత ఆజ్ఞ.

“నేను నిజంగానే బాగా రాశాననుకున్నాను” అన్నాను.

“తెలుసు. అందుకే రాయమన్నాను.”

“నూరు మాటల్లో ఒక్క వాక్యం కూడా బాగాలేదా?”

ఆమె కళ్ళజోడు పెట్టుకుని, నా పేరా మళ్ళీ మొదట్నించీ చదివింది. పిల్లల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఉండే మొహం. చాలాసేపటికి ఒక చోట వేలు పెట్టింది. “ఇది బాగుంది. ‘ఎవరూ లేని స్టాపులో కూడా అతను పాపం గంట మోగించాడు.’” వ్యాసంలో, కథ విభాగంలో, రెండో పేరాలో తనే చేర్చింది.

నేను రోజూ రేవుకు వెళ్ళే ముందు ఆ వాక్యం చూసుకుని వెళ్తాను. ముట్టను, చూస్తానంతే. ఇవాళ ఉదయం చూశాను. వంకాయ వచ్చి వెళ్ళింది. ‘పాపం’ తీసేసింది.

ట్రామ్‌లో దారి పొడుగునా ఆ వాక్యాన్ని అది ఉంచీ తీసీ చదువుకున్నాను, ఫిక్రీ. తీసేస్తేనే బాగుంది.