తొక్కల పథ్యం

వంటింటి చెత్త తిని బలిసే ఒక రకం ఈగ పురుగులను నెల్లూరులో కోళ్ళ పెంపకం శిక్షణకు వెళ్ళి టబ్బు నిండా తెచ్చాను. మిగిలిన తిండి అవి తింటాయి, వాటిని మా కోళ్ళు తింటాయి.

“ఒట్టి ప్రోటీను!” అన్నాను మా ఆవిడ ఎలిశబెతుతో.

“అంటే ఏందయ్యా?”

“బలం!”

“అయితే ఆ నీళ్ళ బిందె వాటితో మోయించు.”

అసలు చిక్కేమిటంటే, మా ఇంట్లో ఏదీ మిగలదు. బీరకాయ తొక్కు పచ్చడవుతుంది. గంజి చీరలకు పోతుంది. చేప తలకాయ నాకు పడుతుంది. మూడో రోజుకు పురుగులు తలలెత్తి నా వైపే చూడసాగాయి.

ఆవిడ కొళాయి దగ్గరకు వెళ్ళిన అదను చూసి చేపల పులుసులో గుప్పెడు ఉప్పు పోశాను. ఆవిడ రుచి చూసి, ఇంత చింతపండు పిసికి, చెంబెడు నీళ్ళు పోసి మరిగించింది. ఒక కుండ పులుసు రెండు కుండలయింది.

“పారబోద్దామా?” ఆశగా అడిగాను.

“చేపల పులుసు పారబోస్తారా ఎవరన్నా? రేపటికి ఇంకా బాగుంటది.”

నాలుగు రోజులు బాగుంటూనే ఉంది.

లాభం లేదని బకెట్టు పట్టుకుని పక్కింటి రేవతి గుమ్మంలో నిలబడ్డాను. “అమ్మా, మీ ఇంట్లో మిగిలిందేమన్నా ఉంటే...”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పురుగుల మాట ఎత్తేలోపే కోడిగుడ్ల కూర తెచ్చి చేతిలో పెట్టింది. సాయంత్రానికి మా ఇంటికి ఏడు క్యారియర్లూ, నా కోసం ప్రార్థన చేయడానికి ఇద్దరు సంఘపెద్దలూ వచ్చారు.

“ఏమ్మే ఎలిశబెతూ, మొగుడికి కూడు పెట్టడంలా?” అని నిలదీసింది ఎదురింటి రెబెక్కమ్మ పెద్దమ్మ.

మా ఆవిడ ముఖం మాడిపోయింది. నన్ను చూసింది. బకెట్టును చూసింది. తాపీగా అంది:

“పెట్టకేం పెద్దమ్మా! ఆయనకి డాక్టరు పథ్యం చెప్పినాడు. తొక్కలూ తొడిమలూ తప్ప ఏమీ ముట్టకూడదంట. చెప్పుకోలేక అట్టా తిరగతావుండాడు.”

కాదనబోయాను. కానీ మర్నాడు వాకిట్లో నాలుగు గంపల తొక్కలు! నోరు మూసుకున్నాను. పురుగులు బలిశాయి. కోళ్ళు గుడ్ల మీద గుడ్లు పెట్టాయి.

“నీ పథ్యం బాగా పనిచేస్తావుంది,” అంది ఆవిడ ఆమ్లెట్టు తిప్పుతూ.

నెల తిరక్కుండానే రేవతి కూతురి పెళ్ళి వచ్చింది. విందులో నోరూరుతుండగా ఆకు ముందు కూర్చున్నాను. వడ్డించే పెంచలకృష్ణ నా దగ్గరకు రాగానే బిర్యానీ గరిటె వెనక్కు లాగేశాడు.

“లాజరస్ అన్నకి ఇది పడదు. అన్న పళ్ళెం తెండ్రా!”

వచ్చింది. కడిగిన వంకాయ తొడిమలు, బంగాళదుంప తొక్కలు, అరటి తొక్కలు. పైన కొత్తిమీర చల్లారు.

పంక్తంతా నన్నే చూస్తోంది. నిజం చెబితే రేపటి నుంచి వాకిట్లోకి గంపలు రావు.

“సిగ్గుపడకయ్యా, తిను,” అంది మా ఆవిడ మటన్ ముక్క కొరుకుతూ. “నీ కోసం పొద్దున్నించి వలిచినారంట.”

కళ్ళు మూసుకుని అరటి తొక్క నమిలాను.

మొహమాటపడుతున్నానని రెబెక్కమ్మ పెద్దమ్మ నా పళ్ళెంలో ఇంకొకటి వేయించింది.