ఉమ్మడి కుటుంబం వారి పసుపు దీపం

ఫర్నిచరు షాపు వారి పెట్రోలుతో నడిచే ట్రక్కులో, స్టీరింగు ముందు ఇంజను బొమ్మతో ఉండే పసుపు హెచ్చరిక దీపం మళ్ళీ వెలిగిందని సంబంధిత వ్యక్తులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. సంబంధిత వ్యక్తులు నలుగురు: షాపు పెద్దాయన, ఆయన తమ్ముడు చిన్నాయన, వాళ్ళ చెల్లెలి మొగుడు బావగారు, ట్రక్కు నడిపే బాబాయి. మొదటి ముగ్గురూ యజమానులు కనుక దీపం వెలగడం వాళ్ళకు సమస్య. నాలుగోవాడు జీతగాడు కనుక అది అతని తప్పు.

ఆ కుటుంబం ఐకమత్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. ట్రక్కు వెనక బారెడు అక్షరాలతో "ఒకే కుటుంబం – ఒకే మాట" అని రాయించుకున్నారు. గల్లాపెట్టె ముగ్గురి కళ్ళకూ ఆనేట్టు ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు నీళ్ళు తాగడానికి లేస్తే మిగతా ఇద్దరికీ కూడా దాహమేస్తుంది. అంత ఆపేక్ష!

దీపాన్ని పరీక్షించడానికి మెకానిక్కు వచ్చాడు. చిన్న పెట్టె ఒకటి తగిలించి చూడనిదే మనిషి నాడి కూడా పట్టుకోడు కనుక అతన్ని పెట్టె డాక్టరంటారు. పెట్టె చూసి, "ఇంజను భేషుగ్గా ఉందండీ. ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరి ఎక్కడో బయటికి పోతోంది," అన్నాడు.

"పెట్రోలు పోతోందా?" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో. ఒకరినొకరు ఎంతో ప్రేమగా చూసుకున్నారు.

"పెట్రోలు కాదండీ, ఆవిరి!" అని అతను మొత్తుకున్నా ఎవరూ చెవిన వేసుకోలేదు.

ట్యాంకు మూత కొత్తది వేశాడు. దీపం ఆరింది, వారం తిరక్కుండా వెలిగింది. గొట్టం మార్చాడు. ఆరింది, వెలిగింది. ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా అనేది ఒకటుంటుందట, దాన్నీ మార్చాడు. దీపానికి అది కూడా నచ్చలేదు. అప్పుడు బావగారు సోఫాకు అంటించే ధర చీటీ ఒకటి తెచ్చి సరిగ్గా దీపం మీద అతికించి, వెలుగు చీటీలోంచి కనబడుతూనే ఉన్నా, సమస్య చాలావరకు అదుపులోకి వచ్చిందని ప్రకటించారు.

పెద్దాయన మాత్రం అంత తేలిగ్గా వదిలే రకం కాదు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని ఉపన్యసించారు. "బాబాయ్, ఈ సంస్థ నమ్మకం మీద నడుస్తోంది. నీ మీద నాకు మా తమ్ముడి మీద ఉన్నంత నమ్మకం ఉంది. అందుకే చెబుతున్నా, ఇంకోసారి దీపం వెలిగితే నీ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు."

బాబాయి తలూపి తాళాలు అప్పజెప్పాడు. ఇంటికెళ్ళి చెబితే భార్య అన్నం వడ్డిస్తూనే తేల్చేసింది. "చత్వారం కళ్ళకి ఇంకెవడిస్తాడయ్యా స్టీరింగు? ఏం చేస్తావో నాకు తెలీదు, ఆ దీపమేదో ఆర్పుకో."

ఏం చెయ్యాలో బాబాయికి తెలియక కాదు. ట్యాంకులో పెట్రోలెంతుందో చూపించే ముల్లు ట్రక్కులో ఉంది. కానీ అది ఎవరి మనిషో ఎవరికి తెలుసు? కనుక ఎవరి ఏర్పాట్లు వారు చేసుకున్నారు. పొద్దున్నే షాపు తాళం తీసేముందు పెద్దాయన మూత తీసి, కుర్చీలల్లే పేము బద్ద ఒకటి ట్యాంకులోకి దించి, తడి ఎంతవరకు ఉందో చూస్తారు, తమ్ముడు తోడేస్తున్నాడేమోనని. మధ్యాహ్నం చిన్నాయన తన బద్దతో వస్తారు, బావగారి మీద బెంగతో. టీ వేళకు బావగారు వస్తారు. ఆయనకు బావమరుదులిద్దరి మీదా సమానమైన గౌరవం. ఇక బాబాయి సంగతి. వీళ్ళలో ఎవరు తోడుకున్నా చివరికి తన మెడకే చుట్టుకుంటుందని, తాళాలు అప్పజెప్పేముందు అతనూ ఒక బద్ద దించేవాడు. అతని బద్ద సీటు కింద ఉంటుంది.

మరి మూత బిగించాలంటే టక్, టక్, టక్ మని మూడుసార్లు చప్పుడవ్వాలి. షాపు అరుగు పక్కనే ట్రక్కు. టక్కుమంటే "ఎవరది?" అంటారు. అందుకని నలుగురూ పిల్లిలా సగం తిప్పి వదిలేసేవారు.

చివరికి పెట్టె డాక్టరుకు విసుగొచ్చింది. "ఎవరో మూత తీసి సరిగ్గా బిగించట్లేదండీ. అంతే జబ్బు," అన్నాడు.

మూత సంగతి తనకేం తెలుసన్నారు పెద్దాయన. చిన్నాయన లెక్కల పుస్తకం తెరిచి కూడికలు మొదలెట్టారు. "అసలా మూత ఏ వైపుంటుందో కూడా నాకు తెలీదు," అన్నారు బావగారు, వేళ్ళకంటిన పెట్రోలు రుమాలుతో తుడుచుకుంటూ.

బాబాయికి మింగలేక కక్కలేక అయింది. నిజం చెబితే కుటుంబం మూడు ముక్కలవుతుంది, తన బద్ద కూడా బయటపడుతుంది. "నేనేనండీ, బిగించడం మర్చిపోయా," అన్నాడు.

పెద్దాయన క్షమించారు. క్షమాగుణం మీద మరో ఉపన్యాసం కూడా ఇచ్చారు.

ఆ మర్నాడే బాబాయి తన బద్ద విరిచి పారేశాడు. ఒక్కొక్కరు వచ్చి చూసుకుని వెళ్ళగానే, తానెళ్ళి, చప్పుడు అరుగు దాకా పోకుండా గుడ్డ కప్పి, మూడు టక్కులూ పడేట్టు బిగించేవాడు. దీపం వెలగలేదు. వారం గడిచింది, రెండో వారం గడిచింది. బాబాయి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు, పాపం.

షాపులో మాత్రం ముగ్గురికీ కంటి మీద కునుకు కరువైంది. పెద్దాయన ఇలా ఆలోచించారు: నేను మూత సగమే తిప్పాను. అయినా దీపం వెలగలేదు. అంటే నా తర్వాత ఎవడో బిగిస్తున్నాడు. ఊరికే చూసిపోయేవాడికి చప్పుడంటే భయం. భయం లేకుండా మూడుసార్లు టక్కుమనిపించాడంటే వాడు కచ్చితంగా దొంగే! చిన్నాయన, బావగారు కూడా ఎవరి మటుకు వారు ఇదే అనుకున్నారు. ఒకే కుటుంబం, ఒకే మాట.

బాబాయిని పిలిచారు.

"దీపం వెలగట్లేదు," అన్నారు పెద్దాయన గంభీరంగా.

"అవునండీ, తగ్గిపోయింది!"

"ఇది మంచిది కాదు," అన్నారు చిన్నాయన.

"నాకూ అదే అనిపిస్తోంది," అన్నారు బావగారు. దీపం ఎందుకు వెలగాలో ఒకరినొకరు అడగలేదు.

"బాబాయ్," అన్నారు పెద్దాయన, "ఈ వారంలో దీపం వెలక్కపోతే నీ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు."

బాబాయి ఒక్క క్షణం ముగ్గురి ముఖాల్లోకీ చూశాడు. బయటికెళ్ళి మూత సగం వదులు చేసి వచ్చాడు. వారంలోపే దీపం వెలిగింది. ముగ్గురూ ట్రక్కు తలుపు దగ్గర చేరి, ధర చీటీ పీకేసి, కళ్ళారా చూసుకున్నారు.

"అమ్మయ్య! అందరూ కనిపెట్టుకునే ఉన్నారు, తోడేవాడెవడూ లేడు," అన్నారు పెద్దాయన, ఎవరితోనూ కానట్టు. ఆ నెల నుంచి బాబాయి ఉద్యోగం ఖాయమైంది. రోజూ మూత వదులు చేయడమే అతని మొదటి పని.

మా బండిలో అలాంటి దీపం ఎన్నడూ వెలగలేదని మురిసిపోతున్న పాఠక మహాశయులకు ఒక్క మనవి. మీ ఇంట్లో ఎవరో మూత గట్టిగా బిగిస్తున్నారు. ఎవరో కాస్త కనుక్కోండి.