క్లారీ పెట్టిన లప్పం

శనివారం పొద్దున మెర్విన్ ట్రెలోర్ టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, పోయిన స్నేహితుడి చివరి కారును స్పిరిట్‌లో ముంచడానికి కూర్చున్నాడు. బెండిగో ఊరి బొమ్మకార్ల సంఘం ప్రదర్శన మర్నాడే. అరచేతిలో పట్టే ఆ ప్లాస్టిక్ కారు క్లారీది. రెండు కార్లు కోసి అతికించి, అతుకు కనబడకుండా లప్పం పెట్టి, నున్నగా అరగదీశాక క్లారీ మంచాన పడ్డాడు, వసంతంలో కన్నుమూశాడు. పై రంగు మాత్రం కారి ధారలు కట్టి చూడలేనట్టుగా ఉంది. జబ్బులో వేశాడు కాబోలు అనుకున్నాడు మెర్విన్. "మీదున్నదంతా తీసేసి ప్రదర్శనలో పెట్టు" అని క్లారీ భార్య డల్సీ దాన్ని తెచ్చి చేతిలో పెట్టింది.

రంగు పోవాలి, లప్పం నిలవాలి. ఘాటైన రసాయనం వాడితే రెండూ పోతాయి. స్పిరిట్ రంగును మెత్తబరుస్తుంది. ఎక్కువసేపు నానితే లప్పాన్నీ కరిగిస్తుంది. అందుకని ఐస్‌క్రీమ్ డబ్బాలో కారును ముంచుతూ, తీస్తూ, పాత పళ్ళ బ్రష్షుతో అతుకు జోలికి పోకుండా రుద్దుతున్నాడు. ఆ ఆవిరికి కళ్ళు చింతనిప్పులై బొటబొటా నీళ్ళు కారుతున్నాయి.

గడ్డి కోసే మిషను అడగడానికి వచ్చిన పక్కింటి రాస్ కిటికీలోంచి చూశాడు. మెర్విన్ క్లారీ కారు మీద వంగి కన్నీళ్ళు కారుస్తున్నాడు. అంత్యక్రియల్లో ఒక్క చుక్క రాల్చని మనిషి! రాస్ మిషను మాట మరిచి ఇంటికెళ్ళి, సంఘం వాళ్ళందరికీ ఫోన్లు కొట్టాడు.

మెర్విన్ కారును చివరిసారి ముంచాడో లేదో తలుపు చప్పుడైంది. గుమ్మంలో రాస్, వెనక నలుగురు. ఒకావిడ చేతిలో పొగలొస్తున్న గొర్రెమాంసం కూర గిన్నె.

"ఒరే, మాకెందుకు చెప్పలేదురా?" అంటూ రాస్ కావలించుకున్నాడు.

"ఏం చెప్పను? వదులు, లోపల నానుతోంది!"

"లోపల నాననివ్వకురా. బయటికి చెప్పెయ్."

"అది కాదురా, కరిగిపోతుంది!"

"కరగనీ నాయనా," అంది కూర తెచ్చినావిడ, తనూ కళ్ళొత్తుకుంటూ. "ఇన్నాళ్ళూ రాయిలా ఉన్నావు."

మెర్విన్ గింజుకున్న కొద్దీ పట్టు బిగిసింది. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకోగానే అతను లోపలికి పరుగెత్తాడు.

కారు తీసి కుళాయి కింద పెడితే మిగిలిన రంగు పొరలు పొరలుగా జారిపోయింది. వేలితో తడిమాడు. అతుకు చెక్కుచెదరలేదు. అప్పుడు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది.

వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో డల్సీ. ఆమెకూ ఫోను వెళ్ళింది మరి.

"చూడు డల్సీ! క్లారీ లప్పం ఒక్క రవ్వ రాలలేదు."

ఆమె కారును అటూ ఇటూ తిప్పింది. "రంగేది?"

"మీదున్నదంతా తీసెయ్యమన్నావుగా."

"దుమ్ము, మెర్విన్. దుమ్ము తీసెయ్యమన్నాను." ఆమె కారు తలుపును వేలితో నిమిరింది. "ఆ రంగు నేను వేశాను, ఆయన మంచం మీంచి చెబుతుంటే. ధార కట్టినప్పుడల్లా పడీపడీ నవ్వేవాడు. ఆయన నవ్వడం చూసింది అదే ఆఖరు."

ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మెల్లగా జారుకున్నారు. మెర్విన్ డబ్బాలోని స్పిరిట్ పారబోసి అడిగాడు. "ఆ రంగు ఇంకా ఉందా?"

"సగం డబ్బా ఉంది."

"తీసుకురా. ఎక్కడెక్కడ కారిందో పక్కన కూర్చుని చెప్పు."

ధార కట్టకుండా రంగు వేయడంలో పేరుపడ్డ మనిషి సాయంత్రం దాకా ధారలు కట్టించాడు. "ఊహూఁ, తలుపు మీద ఇంకా అసహ్యంగా ఉండేది" అని సరిదిద్దుతూ డల్సీ మధ్యలో ఒకసారి నవ్వింది.

మర్నాడు ప్రదర్శనలో ఆ కారుకు ఆఖరి స్థానం వచ్చింది. న్యాయనిర్ణేత మెర్విన్‌ను పక్కకు పిలిచి, కళ్ళు ఒకసారి డాక్టరుకు చూపించుకోమని సలహా ఇచ్చాడు.